బావ ఎత్తిన అరవై

మొదలుపెట్టేనాటికి అతని చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే. చీపురుపుల్లల్లాంటి రెండు చేతులు, వాటితో ఏమాత్రం సంబంధం లేని ఒక పొట్ట, నలుగురి ముందు నోరుజారి కాసిన ఒక పందెం.

పందెం కాసింది బావమరిదితో. బావమరిదికి లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. అదే వీధి చివర బావది పాత ఇనుము కొట్టు, పైన ఇల్లు. షెడ్డులో పోగయ్యే తుక్కంతా ఎప్పటినుంచో బావే తూకం వేసి కొనేవాడు. ఆ రోజు ఒక గేరుబాక్సును బండెక్కించబోయి, దాంతోపాటు తనూ నేలమీద చతికిలబడ్డాడు.

"ఇనుము వ్యాపారివి, ఇనుము ఎత్తలేవేంటి బావా?" అన్నాడు బావమరిది, షెడ్డులో అందరికీ వినబడేలా. "పక్కవీధి వాడైతే చంకలో పెట్టుకుపోతాడు. ఇకనుంచి తుక్కు వాడికే ఇచ్చేస్తా."

"నేను ఎత్తబోయానని ఎవరన్నారు? కూర్చోడానికి పనికొస్తుందేమోనని చూశా," అన్నాడతను కిందనుంచే.

నవ్వులు ఆగలేదు. అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. వీధిలో కొత్తగా తెరిచిన జిమ్ములో బల్లమీద వెల్లకిలా పడుకుని, రాడ్డుతో కలిపి అరవై కిలోలు ఛాతీమీదికి దించి మళ్లీ పైకి నెడతానన్నాడు. నెడితే ఈ షెడ్డు తుక్కు అతనిదే. నెట్టలేకపోతే పక్కవీధికి. ఈ షెడ్డు ఎటు పోతే వీధిలో మిగతా షెడ్లూ అటే పోతాయని ఇద్దరికీ తెలుసు. గడువు ఆర్నెల్లు.

"మీరా?" అంది భార్య. "గ్యాసు సిలిండరు మార్చాలంటే పక్కింటాయన్ని పిలిచే మనిషి!"

"బరువని పిలుస్తానా? పాపం, ఖాళీగా ఉంటాడని పిలుస్తా."

జిమ్ములో చేరితే ఫీజు కట్టాలి. ఫీజు కడితే ఇక వ్యాపారి ఎందుకు? ఇంట్లోనే జిమ్ము పెట్టేశాడు. తుక్కులో వచ్చిన బస్సు సీటు బల్ల అయింది. విరిగిన మంచం కోళ్లకి వెల్డింగు పెట్టిస్తే స్టాండ్లయ్యాయి. నీళ్ల పైపు రాడ్డయింది. బరువుల్ని గొలుసులతో పైపుకి అటూ ఇటూ వేలాడదీశాడు. జేబులోంచి పైసా కదల్లేదు.

ఇల్లు ఇరుకైపోతోందని భార్య గోల పెడుతుందని, పొద్దున్నే బరువులన్నీ కిందికి దింపేసేవాడు. సాయంత్రం కొట్టు మూశాక మళ్లీ మెట్లెక్కించేవాడు. ఆ మోతకే సగం ఊపిరి ఖర్చయ్యేది.

తొలిరోజు ఇరవైతో మొదలెట్టాడు. పైపు చక్కగా దిగింది. ఎక్కడం మర్చిపోయింది. భార్య గరిటె చేత్తోనే వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమండీ, ఉన్నారా?"

"ఉన్నాను. ముందు ఇది తియ్యి, తర్వాత తిట్టు."

ఫోనులో చూసి పాఠాలు నేర్చుకున్నాడు. పాదాలు నేలని వదలకూడదు. భుజాలు బల్లకి అదిమిపెట్టాలి. మోచేతులు రెక్కల్లా చాపకూడదు. ఒకరోజు ఎత్తితే మర్నాడు కండకి సెలవియ్యాలి. సెలవు సంగతి మాత్రం మొదటిరోజే బాగా వంటబట్టింది.

ముప్పై లేచింది. నలభై మూలుగుతూ లేచింది. యాభై, గుడ్లు తేలేశాక లేచింది. అరవై మాత్రం ఛాతీమీదే కాపురం పెట్టేది.

"ఓడిపోతున్నానే," అన్నాడు గడువుకి ముందురోజు. "యాభై దగ్గరే నా సరుకు అయిపోయింది. షెడ్ల తుక్కు పోతే కొట్లో ఈగలు తోలుకోవడమే."

"మా తమ్ముడితో ఓ మాట చెప్పనా?"

"వద్దు. వాడి కాళ్లు పట్టుకోవాలన్నా వంగాలి. నడుం పట్టేసింది."

మర్నాడు జిమ్ము కిటకిటలాడింది. వెల్డరు, పంక్చర్లు వేసేవాడు, రేకుల పనివాడు, అతనికి తుక్కు అమ్మే ప్రతివాడూ వచ్చాడు. చప్పట్లతో ధైర్యం చెప్పడానికి భార్యా వచ్చింది. అతను బల్లమీద పడుకుని, ఆఖరిసారన్నట్టు పైకప్పుకేసి చూసి, కళ్లు మూసుకున్నాడు. రాడ్డు దించాడు. నెట్టాడు.

రాడ్డు లేవలేదు, ఎగిరింది.

"సరిగ్గా అరవయ్యే పెట్టారా?" అన్నాడు అందరికంటే ముందు తనే అనుమానంగా. జిమ్ము ఓనరు బిళ్లలన్నీ లెక్కపెట్టి చూపించాడు. అరవయ్యే.

"అయితే ఇంకో పది వెయ్యండి!"

డెబ్భై కూడా లేచింది. ఈలలు మోగాయి. బావమరిది వచ్చి వాటేసుకున్నాడు.

"మాటంటే మాటే బావా. తుక్కంతా నీదే."

"మాదీ నీకే!" అన్నారు మిగతావాళ్లు.

అక్కడితో లెక్క కట్టేస్తే అంతా లాభమే. చేతులకి కండ వచ్చింది, పొట్ట తగ్గింది, వీధి మొత్తం తుక్కు దక్కింది, ఖర్చు సున్నా. కానీ పొగడ్త తలకెక్కినవాడు నోరు కట్టేసుకోలేడు కదా.

"ఇంట్లో యాభైకే ప్రాణం పోయేది తెలుసా! అరవై ఒక్కసారీ కదల్లేదు!"

బావమరిది వాటేసుకున్న చేతులు తీసేసి ఆలోచనలో పడ్డాడు.

"అక్కడ యాభైకే ఆగిపోయి ఇక్కడ డెబ్భై ఎలా ఎత్తావు? అంటే మీ ఇంట్లో బరువుల మీద రాసింది తక్కువ, లోపలున్నది ఎక్కువ. నిన్నెవడో నిలువునా ముంచాడు బావా!"

డెబ్భై ఎత్తినప్పుడు పట్టని చెమట అతనికి ఇప్పుడు పట్టింది.

"పోనీలేరా, ఎత్తేశాంగా."

"పోనీ ఏంటి? తూకంలో మోసం చేసినవాణ్ణి వదిలేస్తామా? ఎవడమ్మాడో చెప్పు, అందరం కలిసి వెళ్లి కాలరు పట్టుకుందాం."

"పదండి," అంటూ వెల్డరు చొక్కా చేతులు పైకి మడిచాడు.

అతను భార్యకేసి చూసి కళ్లతోనే బతిమాలాడు. మొగుడు సాధించాడన్న ఆనందంలో ఆమె ఆ కళ్లని చూడనేలేదు.

"ఎవరూ అమ్మలేదురా తమ్ముడూ," అంది గర్వంగా, "రోజూ కొట్లో మీ అందరి తుక్కూ తూచే కాటా రాళ్లే అవి!"