సుధాకర్ కుర్చీ

"నాయనా, బొమ్మలు ఆడ ఉంటే నువ్వు యాడ సూస్తాండావు?"

సుధాకర్ పళ్ళు బిగించి అడిగాడు. తండ్రి తిక్కయ్య మ్యూజియంలోని నల్లరాతి విగ్రహానికి వీపు తిప్పి, గుమ్మం దగ్గర నిలబడ్డ గార్డును ఎగాదిగా చూస్తున్నాడు.

"మనం వచ్చినప్పటి నుంచి ఆయప్ప నిలబడే ఉండాడు గదప్పా! కూసోను స్టూలన్నా ఎయ్యరా?"

"ఎయ్యరు. డ్యూటీలో కూసోకూడదు. ఆ సంగతులన్నీ నీకెందుకు?"

"అట్లయితే కాళ్ళేం కావాల? మూడేండ్లు శెనిక్కాయ చేన్లకు కావలి కాసినోన్ని, ఆ బాధ నాకు తెలుసు. ఇంటికి పోతానే మీయమ్మ ఆముదం కాసి పిక్కలకు పూసేది."

సుధాకర్‌కు ఒళ్ళు మండింది. పెద్దకడుబూరు పక్క పల్లె నుంచి అంత దూరం రైల్లో వచ్చిన మనిషి ఢిల్లీలో చూడాల్సింది ఇదా? జూన్ ఎండలో బస్సులు మార్చి మార్చి తిప్పుతుంటే, రైళ్ళ మ్యూజియంలో ఇంజను చూడడు, బొమ్మల మ్యూజియంలో బొమ్మను చూడడు. ఎక్కడికి పోయినా గార్డుల బూట్లు చూస్తాడు. వాళ్ళు టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టుకుంటారో చూస్తాడు. నిన్నయితే ఆదోని పత్తి మార్కెట్లో నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలతో ఒక గార్డును పట్టుకుని కాళ్ళు నొప్పులా అని అడిగాడు. ఆ గార్డు నవ్వి, ప్యాంటు పైకి లాగి వాచిన పిక్కలు చూపించాడు. సుధాకర్‌కు తల కొట్టేసినట్టయింది.

అసలు తిక్కయ్య వచ్చింది వీటికోసం కాదు. కొడుకు ఢిల్లీ మ్యూజియంలో పనికి కుదిరి నాలుగేళ్ళయింది. ఆఫీసులో కుర్చీ, పైన ఫ్యాను, ఎదురుగా బల్ల అని వాడు ఫోన్లో చెప్పిన మాటలు తల్లి దేవమ్మ ఊరందరికీ చెప్పుకుంది. ఈ ఎండాకాలం మొగుణ్ణి పోరి పోరి రైలెక్కించింది. "వాని కుర్చీ నీ కండ్లతో సూసొచ్చి నాకు సెప్పు. వాన పడితే పత్తిత్తనం పనులు, మళ్ళ నువ్వు కదల్లేవు" అంది.

"ఈ పొద్దన్నా నీ ఆపీసుకు పోదామా?" బయటికి రాగానే తిక్కయ్య మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఎన్నిసార్లు సెప్పాల? ఆడ రిపేర్లు జరుగుతాండాయి. ఎవురినీ రానియ్యరు."

"గేటు కాడి నుంచే సూస్తా. కిటికీలోంచి నీ కుర్చీ కనపడదా?"

"కనపడదు!"

తిక్కయ్య నడక ఆపాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. అంచుల్లో ఎర్రమట్టి రంగు పట్టిన తన పంచెను ఒకసారి చూసుకున్నాడు.

"నన్ను సూసి నీ సావాసగాళ్ళు నగుతారనా?"

సుధాకర్ అటు తిరిగి బస్సు వస్తోందేమోనని చూశాడు. అలాగే అనుకోనీ అనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం గదికి చేరాక తిక్కయ్య మోకాళ్ళు పట్టుకుని మూలిగాడు.

"ఆముదం సీసా తెచ్చుకున్నావు గదా, పూసుకో."

"ఉండనీలే" అని సంచి పక్కకు జరిపాడు తిక్కయ్య.

చివరి రోజు కత్తులూ డాళ్ళూ పెట్టిన మ్యూజియం. లోపలికి అడుగు పెట్టగానే ఒక గార్డు సుధాకర్‌ను చూసి నవ్వుతూ చెయ్యెత్తాడు. సుధాకర్ చూడనట్టే తండ్రిని రెక్క పట్టుకుని పక్క గదిలోకి లాక్కుపోయాడు.

"తెలిసినోడా?"

"ఆపీసోళ్ళను అందరూ అట్లే పలకరిస్తారు."

"నువ్వు మళ్ళ సెయ్యెత్తలేదే! పాపం, మనిషి సిన్నబోయినాడు."

"గమ్మున ఆ కత్తులు సూడు నాయనా!"

"నువ్వు సూడవా?"

"నేను సూసినవే."

సుధాకర్ గోడవారన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ వచ్చేపోయే జనాన్ని చూస్తున్నాడు. తిక్కయ్య కాసేపు కత్తుల్ని, కాసేపు కొడుకును చూశాడు. తర్వాత అద్దం మీద చెయ్యి ఆనించి వంగాడు.

"పీఛే హటో! సెయ్యి తియ్యి!"

సుధాకర్ అరిచాడు, ముందు హిందీలో, ఆ వెంటనే తెలుగులో. గది దద్దరిల్లింది. జనమంతా తిరిగి చూశారు. తిక్కయ్య చెయ్యి తీసి, కొడుకు ముఖంలోకి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. మళ్ళీ ఆఫీసు మాట ఎత్తలేదు.

"తప్పయింది నాయనా" అన్నాడు సుధాకర్ బస్సులో.

"ఏం కాలేదులే."

మధ్యాహ్నం ఆదోని వైపు పోయే రైల్లో తండ్రిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, సుధాకర్ ప్లాట్‌ఫారం మీదికి దిగాడు.

"మీయమ్మ కుర్చీ సంగతి అడిగితే ఏం సెప్పాలప్పా?"

"తిరిగే కుర్చీ అని సెప్పు."

"అట్లే సెప్తా. కూసోని సూసినా, మెత్తగుండాది అని కూడా సెప్తాలే."

అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాడు సుధాకర్.

తిక్కయ్య సంచిలో చెయ్యి పెట్టి ఆముదం సీసా తీశాడు. అది ఇంకా నిండుగానే ఉంది. కిటికీ ఊచల మధ్య నుంచి కొడుకు చేతిలో పెట్టాడు.

"నాకెందుకిది? దినమంతా కూసోని చేసే పని నాది."

రైలు కదిలింది. తిక్కయ్య కొడుకు ముఖం చూడలేదు, వాడి నల్లబూట్ల వైపు చూశాడు.

"కావలి కాసే కాళ్ళప్పా, రోజూ పూసుకో."