లేస్తే వికెట్ పడుతుంది

క్రికెట్ మ్యాచ్ నడుస్తున్నంతసేపూ మా ఇంట్లో ఎవరూ లేవకూడదు. లేస్తే వికెట్ పడుతుంది. ఇది మా నాన్న పెట్టిన రూలు. అప్పట్లో చుట్టాలంతా నవ్వేవాళ్లు. ఇంటింటికీ విడిగా మ్యాచ్ తయారుచేసి చూపించే ఈ టీవీలు వచ్చాక నవ్వడం మానేశారు. నిజంగా గెలిచిందెవరో ఇప్పుడెవరికీ అక్కర్లేదు. టీవీ మమ్మల్నే చూస్తూ ఉంటుంది. నేను మంచినీళ్లకని లేచానా, మిడిల్ స్టంప్ ఎగిరిపోతుంది.

ఆ జబ్బు సీరియల్‌కీ పాకింది. మా ఆవిడ హైమావతి పప్పు దించడానికి లేచిన ప్రతిసారీ అందులో కోడలు నెత్తురు కక్కుకునేది. మూడు రోజులు మాడిన పప్పు తిన్నాం. నాలుగోరోజు హైమ సీరియల్ చూడటమే మానేసింది.

"మీరూ కట్టేయండి. అది మిమ్మల్ని కట్టిపడేస్తోంది" అంది.

తనకేం, ఎన్నయినా చెబుతుంది. తను అభిమాని కాదు.

ఈరోజు సినిమా వార్తల్లో నా హీరో ఆస్పత్రిలో ఉన్నాడు. నేను కాలు కదిపితే చాలు, మానిటర్ మీద గీత జారిపోతోంది. పొద్దుట్నుంచీ సోఫా దిగలేదు.

వంటింట్లో ఏదో ధబ్బున పడింది.

"ఏవండీ... ఒకసారి రండి... గుండెల్లో నొప్పి..."

సగం లేచాను. తెరమీద డాక్టరు నావైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. కూర్చుండిపోయాను.

"ఒక్క నిమిషం ఓర్చుకో హైమా, బ్రేక్ రానీ!"

బ్రేక్ రాలేదు. కాసేపటికి వంటింట్లో మూలుగు ఆగిపోయింది. నా హీరో కళ్లు తెరిచి, నన్ను చూసి నవ్వాడు.