కనిపించని తెల్లచుక్క

డాక్టర్ నోరిజాన్ తెర మీది స్కాన్ వైపు ఒకసారి, ఎదురుగా కూర్చున్న దెరామన్ గొంతు వైపు ఒకసారి చూసింది. ఆ చూపు దెరామన్ భార్య మెక్ యాహ్‌కు బొత్తిగా నచ్చలేదు.

"పాక్‌చిక్, పోయినేడు మీ గొంతులో సూదిమందు వేశాం. గుర్తుందా?" అక్కడి మాటలో బాబాయ్ అని పిలుస్తూ అడిగింది.

ఎందుకు గుర్తుండదు! క్యాన్సర్ ఆపరేషన్‌లో ఒక స్వరతంత్రి చచ్చుబడి, దెరామన్ నోట గాలి తప్ప మాట రాలేదు. దాని పక్కన ఏదో గట్టి మందు ఎక్కించాకే గొంతు పెగిలింది. మళ్ళీ మసీదులో అజాన్ ఇచ్చిన రోజు కోతా భారు సంతలో చేపలమ్మే ఆడవాళ్ళు కూడా కళ్ళొత్తుకున్నారు.

"ఆ మందు స్కాన్‌లో సున్నం బొట్టులా తెల్లగా కనబడుతుంది. తెలియనివాళ్ళు గడ్డ మళ్ళీ వచ్చిందని హడలిపోతారు."

"మా భయమూ అదేనమ్మా," అంది మెక్ యాహ్ గబుక్కున. "హజ్ కోసం ఏళ్ళకేళ్ళు కాచుకున్నాం. ఇప్పటికి మా వంతొచ్చింది. గొంతు బాగుందని మీరొక్క మాటంటే చాలు."

"అంటాను. కానీ ఆ తెల్లచుక్క ఏది?"



"కరిగిపోయిందేమో డాక్టరమ్మా!" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ జుసోహ్. దెరామన్ తమ్ముడు. అన్న పోలికే, నోరే కాస్త ఎక్కువ. "మా అన్నయ్య తినే చేపల పులుసుకి ఇనుమైనా కరుగుతుంది."

డాక్టర్ నవ్వలేదు.

"అది కరిగే మందు కాదు. సరే పాక్‌చిక్, స్కాన్ తీసేటప్పుడు చేతికి మందు ఎక్కించారుగా, ఒళ్ళెలా అనిపించింది?"

దెరామన్ నీళ్ళు నమిలాడు. "చల్లగా... హాయిగానే ఉందమ్మా."

"చల్లగానా! లుంగీలో పోసుకున్నంత వేడి కదా అన్నయ్యా!"

"నువ్వు నోర్ముయ్యవయ్యా!" మెక్ యాహ్ మరిదిని కసిరింది. గట్టుదాకా వచ్చి మునిగిపోతామా దేవుడా అనుకుంది.

వీళ్ళేదో దాస్తున్నారని డాక్టర్‌కు అర్థమైంది. ఏం దాస్తున్నారో మాత్రం అంతుపట్టలేదు. తెరను వాళ్ళ వైపు తిప్పి, నాలుక మొదట్లో ఒకచోట వేలు పెట్టింది.

"చుక్క సంగతి తర్వాత చూద్దాం. ఇదిగో, ఇది మేం పెట్టింది కాదు. పాత జబ్బున్న చోటు కూడా కాదు. ముక్క తీసి పరీక్షించాలిగానీ, నాకైతే అనుమానం లేదు. ఇది క్యాన్సరే, బాగా ముదిరింది. హజ్ మాట ఇప్పటికి మరిచిపోండి."

దెరామన్ కుర్చీలోంచి ఒక్కసారిగా లేచాడు. మెక్ యాహ్ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని భోరుమంది.

కానీ ఇద్దరూ చూస్తున్నది తలుపు వైపు. హజ్ ఎక్కడ ఆగిపోతుందోనని అన్న భయపడుతుంటే, అతని ఆసుపత్రి కార్డు పట్టుకుని, అతని బదులు ఆ స్కాన్ బల్ల మీద పడుకున్నది జుసోహ్.