మేక తోస్తేనే కదిలే తెప్ప

ఉప్పుటేటి ఒడ్డున రెండు దుంగలు కలిపి కట్టిన తెరచాప తెప్ప ఒకటి ఉండేది. దాని మీద పెత్తనం కొంగది, నడిపేది బాతులు. రోజూ ఇసుకలోంచి నీళ్లలోకి దాన్ని తోసేది మాత్రం మేక, కుందేలు, తొండ.

"ఇవాళ మేమూ ఎక్కుతాం," అంది మేక ఒకరోజు.

కొంగ మెడ సాచింది. "ఈత వచ్చా? గాలివాటం తెలుసా? అన్నీ నేర్చుకుని రా, అప్పుడు ఎక్కుదువుగాని."

బాతులు కిసుక్కున నవ్వాయి. మేకకి ఒళ్లు మండిపోయింది.

"ఈత వచ్చినవాళ్లకి, రెక్కలున్నవాళ్లకి అసలు తెప్ప దేనికి? ఎక్కనివ్వకపోతే మేం ఎక్కడ నేర్చుకుని ఏడవాలి? తొయ్యడానికి పనికొచ్చి, ఎక్కడానికి పనికిరామా?"

"పద్ధతి పద్ధతే," అంది కొంగ.

మర్నాడు మంచి గాలి లేచింది. కొంగ దర్జాగా తెప్ప మీద నిలబడింది. తెరచాప నిండుగా ఉబ్బింది. బాతులు రొమ్ములు ఆనించి ఎంత తోసినా తెప్ప ఇసుకలోంచి అంగుళం కదల్లేదు.

"మేకా, ఒక్కసారి వచ్చి తల ఆనించి పోవే," అని కేకేసింది కొంగ.

గట్టు మీద కుందేలు, తొండల పక్కన గడ్డి నములుతున్న మేక తలైనా ఎత్తలేదు.

"తొయ్యడం వచ్చా మీకు? అన్నీ నేర్చుకుని రండి, అప్పుడు తోద్దురుగాని."