ఆకుపచ్చ బొట్టుబిళ్ళ

"రికార్డులు వినేది గీ ఇంట్లనేనా సారూ?"

గుమ్మంలో నిలబడిన ముసలాయనను చూసి సతీశ్‌కు ప్రాణం ఉసూరుమంది.

వారమంతా కరెంటాఫీసు కౌంటర్లో కూర్చుని జనం చేత తిట్లు తినేవాడికి మిగిలేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. పాలమూరులో అతని కిరాయి గదికి ఇద్దరు వచ్చేవారు. కాలేజీలో పాఠాలు చెప్పే ప్రవళిక, రిటైరైన బస్సు డ్రైవర్ ఇస్రాయేలు. ఆ వారం ఎవరు ఏ రికార్డు విన్నారో చెప్పుకోవాలి, తలా ఒకటి వినిపించాలి. అంతకు మించి పనేమీ లేదు. నాలుగో మనిషికి చోటు లేక కాదు, సతీశ్‌కు ఓపిక లేదు.

"అవును. ఏం గావాలె?"

"జర కూసోని విని పోత."

పేరు చెన్నయ్య అన్నాడు. కోస్గి దిక్కు నుంచి బస్సులో వచ్చాడట. విడిచిన చెప్పుల పక్కనే కూలబడ్డాడు.

"గీ వారం ఇంటామె మీద అలిగి, అన్నీ ఏడుపు పాటలే విన్న" అన్నాడు ఇస్రాయేలు.

"నేను వీణ విన్న. నిజం చెప్పాల్నంటే సగంల నిద్రవోయిన" అంది ప్రవళిక.

"నువ్వేం విన్నవ్ పెద్దన్నా?" మర్యాదకు అడిగాడు ఇస్రాయేలు.

"నా కాడ మిషను లేదు. ఏం విన్లే."

సతీశ్ తన రికార్డుల పెట్టె తెరిచాడు. కోస్గిలో పాత సామాన్లమ్మే ఖుద్దూస్ దగ్గర కొన్నది. జిడ్డు కారుతూ వచ్చిన రికార్డులను ఒక్కొక్కటే తుడిచి, కొత్తవాటిలా చేసుకున్నాడు. ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు కూడా.

చెన్నయ్య మెడ చాచి చూశాడు. ముఖం వాడిపోయింది.

"సారూ, నడుమ కాయిదం మీద ఆకుపచ్చ బొట్టుబిళ్ళ అంటిచ్చినది ఉంటదా?"

సతీశ్‌కు బాగానే గుర్తుంది. ఒకటేమిటి, చాలావాటి మీద ఉండేవి బొట్టుబిళ్ళలు. ఎవరో పిల్లలు ఆడుకుంటూ అంటించారనుకుని, గోరుతో గీకి కిరోసిన్ పెట్టి తుడిచేశాడు. ఇప్పుడదంతా ఎవరు చెప్పాలి?

"గసుంటిది లేదు" అన్నాడు.

"పాట ఏందో చెప్పుండ్రి తాతా, దేవులాడుదాం" అంది ప్రవళిక.

"నోటికి వస్తలేదు బిడ్డా. వింటే పోల్చుకుంట. పోయేలోపట గదొక్కటి వినాలె."

మళ్ళీ ఆదివారం వచ్చాడు. ఆపై ఆదివారమూ వచ్చాడు. సతీశ్ రికార్డు పెట్టినప్పుడల్లా నిటారుగా కూర్చునేవాడు. పాట మొదలవగానే "గిది కాదు" అని గోడకు జారగిలబడేవాడు. తను వినడు, పక్కవాళ్ళను విననివ్వడు.

"ఇంకోటి పెట్టు సారూ."

"నా వంతు ఒక్కటే. అది మా పద్ధతి."

"అన్నీ జర జర పెట్టు. జల్దీ అయిపోతది."

సతీశ్‌కు పొద్దుటి నుంచే తలనొప్పి. ఆ మాటతో పూర్తిగా తిక్క రేగింది.

"గిది టాకీసు కాదు తాతా! వారానికి ఒక్కపూట దొరుకుతది మాకు, గది గూడ ఖరాబు చేస్తున్నవ్. ఇగ రాకు."

చెన్నయ్య నెమ్మదిగా లేచి తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"తక్లీఫ్ ఇచ్చిన సారూ. రికార్డులు మాత్రం మంచిగ అర్సుకుంటున్నవ్."

మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. సతీశ్‌కు సిగ్గేసింది. పిలుద్దామనుకున్నాడు. లేవబుద్ధి కాక ఊరుకున్నాడు.

ఎండలు ముదిరాక ఖుద్దూస్ ఇంకొన్ని రికార్డులు పట్టుకుని తనే వచ్చాడు.

"చెన్నయ్య అని మీ దిక్కాయన, ఎరుకేనా భాయ్?" అడిగాడు సతీశ్.

"నీ పత్తా చెప్పింది నేనే గద. పోయిండు సార్. మొన్ననే మట్టి వేసి వచ్చినం."

సతీశ్ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏందో బొట్టుబిళ్ళ రికార్డని అడుగుతుండె..."

"సదువు రాదు గద సార్. ఆయనకూ రాదు, ఆయన భార్య జానమ్మకూ రాదు. పెండ్లిళ్ళకు మైకుసెట్టు నడిపేటోళ్ళు. ఆయన చెట్టెక్కి లౌడ్‌స్పీకర్ కడ్తుంటే కింద రికార్డులు ఏసేది ఆమె. పాట పోల్చుకునేటందుకు ఆమెనే బొట్టుబిళ్ళలు అంటిచ్చింది. పిల్లను సాగనంపేటప్పుడు ఎర్రది, బంతి భోజనాలకు పసుపుది."

"ఆకుపచ్చది?"

"గది పెండ్లోళ్ళ కోసం కాదు. అందరు పోయినంక, సామాను సదురుకుంట ఇద్దరే వినేటిది."

సతీశ్ కళ్ళు పెట్టె వైపు తిరిగాయి.

"ఆమె దవాఖానల వడ్డప్పుడు మొత్తం తెచ్చి నాకిచ్చిండు" అన్నాడు ఖుద్దూస్. "పెట్టె తనదని నీకు చెప్పుకోమన్న. అమ్ముకున్నంక ఏం మొఖం పెట్టుకోని నాదని చెప్పాలె అన్నడు."

ఆ ఆదివారం ప్రవళికా ఇస్రాయేలూ వచ్చేసరికి గది నిండా రికార్డులు పరిచి ఉన్నాయి. ఒక్క మరక లేదు, ఒక్క గుర్తు లేదు. సతీశ్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఏం విన్నవ్ గీ వారం?" ఎప్పటిలాగే అడిగాడు ఇస్రాయేలు.

"చెన్నయ్య పెట్టె మొత్తం విన్న, గాయన అడిగింది ఏదో మాత్రం తెల్వలే" అన్నాడు సతీశ్.