పదహారు బొమ్మలు

"నువ్వు బయట కూసోవాలె చిన్నమ్మా. పరీక్ష కాకకు, నీకు గాదు."

కళ్యాణి ఆ మాట అనగానే సరోజన టిఫిన్ డబ్బాను పొట్టకు ఇంకింత గట్టిగా పట్టుకుంది.

"నేను కండ్లవడకుంటె గీయన బుగులు వడుతడు మేడం. గా మూలకు కూసుంట. నోట్లకెల్లి ఒక్క మాట గూడ రానియ్య. ఒట్టు."

సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే నేత కార్మికుల కాలనీ కమ్యూనిటీ హాలు అది. పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్లకు మాట ఎంత మిగిలిందో పరీక్షించి చూసే పని కళ్యాణిది. జగిత్యాల నుంచి బస్సులో వచ్చి, పొద్దున్నుంచి తొమ్మిది మందిని చూసింది. నిన్న కోరుట్లలో పదకొండు మంది. ఎక్కడికి పోయినా ముందు అందరినీ కూర్చోబెట్టి ఒకటే పాఠం చెబుతుంది. మూతి వంకర పోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా నిమిషం కూడా ఆగకుండా దవాఖానకు ఉరకాలె. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు.

ఈ పొద్దు ఆ పాఠం విని సరోజన ఏడ్చింది. నాలుగు నెలల కింద మొగుడు రాజలింగం మూతి వంకర పోతే, ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పొద్దుమూకేదాకా పండబెట్టింది మరి.

"ఇప్పుడెట్లున్నడు?" అడిగింది కళ్యాణి.

"చెయ్యి, కాలు మంచిగైనయ్. మాట గూడ... నా మొకం సూసుకుంట మంచిగనే మాట్లాడుతడు. గని మా ఆసామి సత్తయ్య ఒప్పుతలేడు. మాట సక్కగున్నదని మీరు కాయితమిస్తెనే మళ్ల సాంచల మీదికి రమ్మన్నడు. లేకుంటె సోమారం నుంచి వేరేటోన్ని పెట్టుకుంటడట. గిట్లనే ఇంట్ల గోడలు సూసుకుంట కూసుంటె గీ మనిషి బతుకడు బిడ్డా."

"సాంచలు నడుపుటానికి మాటతోని గంత పనేముంటది?"

"గదే గదా! గా మోతల ఎవని మాట ఎవనికి వినవడ్తది? ఆయన సాంచలు నడుపుడు, నేను నూలు కండెలు చుట్టుడు. ఇరవై రెండేండ్లు ఒకలి మూతి ఒకలం సూసుకుంటనే కొట్లాడుకున్నం."

కళ్యాణికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే రూలు కాస్త పక్కకు జరిగింది.

"సరే, నా ఎనుక గోడకు కూసో. సప్పుడు మాత్రం రావద్దు."

రాజలింగం ఎదురుగా కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, మెడ కిందిదాకా గుండీలు. పెళ్లిచూపులకు వచ్చిన పిలగాడిలా చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"కాకా, గిదేంది?"

పదహారు బొమ్మల్లో ఆమె ఎత్తి చూపిన మొదటిదాన్ని చూశాడు. తర్వాత ఆమె భుజం మీదుగా గోడ దిక్కు చూసి, దమ్ము తీసుకున్నాడు. "తా... తాళం."

"శాబాష్. గిది?"

మళ్లీ బొమ్మ. మళ్లీ గోడ. "గొడుగు."

మాట వెతుక్కునేవాళ్లు అట్లా ఎటో చూడడం కళ్యాణికి కొత్త కాదు. గడియారం, మంచం, కోడి. ఒక్కటీ తప్పలేదు. ఎనిమిదికి ఎనిమిది. రెండు రోజుల్లో ఇంత బాగా చెప్పినవాళ్లు లేరు. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఈ ఆలుమగల మొఖాలు ఎట్లా వెలుగుతాయో ఆమెకు ముందే కనిపించింది.

తొమ్మిదోది దువ్వెన.

రాజలింగం గోడ దిక్కు చూశాడు. కళ్లు చిట్లించాడు. ముందుకు వంగాడు. "దు... దుబ్బ."

"ఆరాంగ జెప్పు కాకా. తొందరేం లేదు."

పదోది చెంచా.

"బ... బబ్బ."

వెనుక టిఫిన్ డబ్బా కింద పడింది. మూత ఊడి, గిరగిర తిరిగి ఆగింది.

"చిన్నమ్మా, సప్పుడు వద్దన్న గద!" తల తిప్పకుండానే అంది కళ్యాణి. పరీక్ష మధ్యలో రోగి మీది నుంచి చూపు తియ్యకూడదు.

రాజలింగం లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టి పదకొండో బొమ్మ చూపింది. బిందె.

"మూతి," అన్నాడు.

"మూతి గాదు కాకా. మంచిగ సూడు."

"మూతి!" ఆమె వెనక్కి వేలు చాపాడు. "వం... వంకర!"

కళ్యాణి మనసు చివుక్కుమంది. పాపం, పొద్దుటి పాఠమే ఆయన తలలో తిరుగుతున్నట్టుంది.

"ఔ కాకా, అప్పుడు నీ మూతి వంకర పోయుండె. ఇప్పుడు మంచిగైంది. బుగులు వడకు. గీ బొమ్మ సూడు."

పన్నెండు. పదమూడు. ఏ బొమ్మ చూపినా అవే రెండు మాటలు. బల్ల గుద్దుతూ అవే, కళ్ల నీళ్లు కారుతుంటే అవే. ఒకే మాట దగ్గర చిక్కుకుపోవుట. దానికి కాగితంలో ఒక గడి ఉంది. ఆ గడిలో టిక్కు పెట్టింది. పదహారు బొమ్మలూ చూపించింది. మధ్యలో ఆపితే ఆ మనిషికి అన్యాయం చేసినట్టవుతుంది. ఇంకో నాలుగు నిమిషాలు పట్టింది.

పదహారుకు ఎనిమిది. ఇక సాంచల మీదికి పోయే కాగితం ఇవ్వడానికి లేదు. వెనుక ఉన్న మనిషికి ఎట్లా చెప్పాలో తోచక కలం మూత పెట్టింది.

"చిన్నమ్మా, బాధ వడకు గని..."

జవాబు రాలేదు. పెట్టిన ఒట్టు మీద ఇంకా నిలబడి ఉందనుకుంది.

రాజలింగం బల్ల మీదుగా వంగి, రెండు చేతులతో కళ్యాణి గడ్డం పట్టుకుని, ఆమె మొఖాన్ని గోడ దిక్కు తిప్పాడు.

సరోజన పెదవులు చప్పుడు లేకుండా ఇంకా కదులుతున్నాయి, ఒక్క పక్కనే.