పగడపు కొక్కులు

"బియ్యం చెరిగే చేటలో ఇవేటత్తా?" అంటూ రామలక్ష్మి చేటను వసారా చివరికి నెట్టేసింది.

"చేటను కాలితో నెడతావా? బుద్ధుందా?" గురువమ్మ గయ్యిమంది.

"చేత్తోనే నెట్టాను. అడుగంతా బురద. రేపు బియ్యం దేంట్లో చెరగాల?"

"నీ పుట్టింటి నుంచి తెచ్చావా ఏటి, అరిగిపోడానికి?"

చేట గొడవ అక్కడితో ఆగింది. అందులో ఉన్నవాటి గొడవ మాత్రం ఆగలేదు.

ఇంటి వెనక గడ్డి అయిపోయి అడవి మొదలయ్యే చోట, వానకు మొలిచిన పుట్టకొక్కులవి. గొడుగుల్లా లేవు. ఒక్క మొదలు నుంచి వేళ్ళు వేళ్ళుగా చీలి, ఒడ్డుకు కొట్టుకొచ్చే పగడపు కొమ్మల్లా ఉన్నాయి. పసుపు రంగు. ముట్టుకుంటే చల్లగా, మెత్తగా, ఏదో చిన్న ప్రాణిని పట్టుకున్నట్టుగా ఉన్నాయి. సరుకులు తెచ్చే జహాజు రాక, ఈ దీవిలో, ఫెరార్‌గంజ్‌లో కూరగాయన్నది కనబడ్డం మానేసింది. పప్పు తిని తిని నాలుక చచ్చిపోయిన గురువమ్మ, తెల్లవారగానే వానలో తడుస్తూ కోసుకొచ్చింది.

పక్కింటి యర్రమ్మ కంచె మీంచి తొంగి చూసింది. "అవా దీదీ! జర జాగ్రత్త. వాటిలో మనం తినేవీ ఉంటాయి, మనల్ని తినేసేవీ ఉంటాయి. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి."

"మా ఊళ్ళో నేనెరగని కొక్కులా?" అంది గురువమ్మ. "ఉడికేటప్పుడు వెండి ముక్క వేస్తే సరి. నల్లబడితే విషం, లేకపోతే కూర."

సాయంత్రం కూర పొయ్యి మీదికెక్కాక, గురువమ్మ చెయ్యి చాపింది. "ఏదీ, నీ పట్టీ ఇలా తే."

రామలక్ష్మి కాలి పట్టీ తీసిచ్చింది. "ఉడక్కముందే నల్లగా ఉంది గదత్తా. ఈ ఉప్పుగాలికి మనింట్లో వెండి తెల్లగా ఉన్నదెప్పుడు?"

గురువమ్మ దాన్ని బూడిదతో తోమింది, కొంగుతో తుడిచింది, గిన్నెలో వేసింది. కాసేపటికి గరిటెతో పైకి తీస్తే నల్లగానే వచ్చింది. విషానికో, గాలికో చెప్పేవాళ్ళు లేరు.

"పారబోసెయ్యమంటావా?" అడిగింది రామలక్ష్మి.

"పారబొయ్యడానికా వానలో తడిసొచ్చాను?"

అన్నదే గాని, గురువమ్మ గరిటె నోటి దాకా తీసుకెళ్ళి దించేసింది. ఉప్పు రుచి చూడకుండానే వేసింది. నూకన్న ఒక్కగానొక్క కొడుకు. రోడ్డు పనికి వాడు వెళ్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తను పోతే వాడికి తల్లి లేకుండా పోతుంది. ఇక మిగిలింది... గురువమ్మ కోడలి వైపు చూసింది. కోడలు నిబ్బరంగా కంచాలు కడుగుతోంది. కోడళ్ళదేముంది, దేశం నిండా ఉన్నారు.

దీపాలు పెట్టే వేళకి నూకన్న వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. "ఏటమ్మా, ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది!" అంటూ గిన్నె వైపు చెయ్యి చాపాడు.

గురువమ్మ అతని మణికట్టు పట్టేసుకుంది.

"ఆగు నాయనా. ఈ రోజు నుంచి మనింట్లో కొత్త పద్ధతి. ముందు కోడలు తింటాది. పాపం, రోజూ అడుగూ బొడుగూ గీక్కు తింటోంది. అది తిన్నాక ఓ జాము ఆగి మనం తిందాం."

నూకన్న మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకి మంచి మాటన్నావే అమ్మా! రా లక్ష్మీ, కూర్చో."

రామలక్ష్మి కూర్చోలేదు. గిన్నె మీద మూత పెట్టి, నూకన్న చేతికందనంత దూరంగా జరిపింది. తర్వాత అత్తగారి మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఈ పూట ఎవరూ తినొద్దు, నేను తెల్లారాకే తింటాను. మధ్యాహ్నం నీ పప్పులో ఈ కొక్కులే ఓ గుప్పెడు నూరి కలిపానత్తా, నీ ఒంటికి పడ్డాయో లేదో తేలాలంటే ఒక రాత్రి గడవాలట."